ఒక కుక్కరుకి మించిన ఆశ

ముందే చెప్పేస్తున్నాను, నేను సినిమాలు చూసే మనిషిని కాను. మత్స్యశాఖలో చేపపిల్లలు పంచుకుంటూ నా మానాన నేను హాయిగా ఉన్నవాణ్ణి. అలాంటి నన్ను పట్టుకొచ్చి సొంతూరు గెడ్డవలసలోనే అంచనాల అధికారిగా కూర్చోబెట్టింది ప్రభుత్వం. దానికి కారకుడు గొడ్డలి గవర్రాజు.

గొడ్డలి గవర్రాజు అంటే సినిమా. వరసగా మూడు భాగాలొచ్చాయి. మూడింట్లోనూ గవర్రాజు గొడ్డలి భుజానేసుకుని వస్తాడు, అన్యాయం చేసినవాడి గుమ్మం నరుకుతాడు, ఆ తరవాత వాడి సంగతి చూస్తాడు. జనానికి అంతకంటే అక్కర్లేదు. మా ఊళ్ళో పెళ్ళి ముహూర్తాలు కూడా గవర్రాజు విడుదల చూసుకునే పెట్టేవారు. అలాంటిది నాలుగో భాగంలో గవర్రాజు గొడ్డలి ముట్టుకోలేదు. దాన్ని గోడకి తగిలించి, పూలదండ వేసి, చెట్లు నరకడం ఎంత తప్పో అరగంట చెప్పాడు. అది విని విలన్ మారిపోయి మొక్క నాటాడు.

అదైనా ఓర్చుకునేవారేమో. కొంప ముంచింది హీరో రాక.

మా గెడ్డవలస శ్రీదేవి టాకీసులో ఒక ఆనవాయితీ ఉంది. హీరో తెరమీదకి రాగానే మొదటి ఈల మా బావమరిది పైడిరాజుది. అతను వేసేదాకా హాల్లో ఇంకెవరూ వెయ్యరు. అతను వేశాకే కాగితాలు ఎగరాలి, డప్పు మోగాలి, కర్పూరం వెలగాలి. పైడిరాజుది వెల్డింగు షాపు. అభిమాన సంఘానికి అధ్యక్షుడు కూడా. రెండు వేళ్ళు నోట్లో పెట్టాడంటే రైలు గేటు దగ్గర మేసే మేకలు తలలెత్తుతాయి. ఆ శుక్రవారం తెరమీద తలుపు తెరుచుకుంది. వెలుగు పడింది, పొగ లేచింది, ఒక జత బూట్లు కనిపించాయి. పైడిరాజు ప్రాణం పెట్టి ఈల వేశాడు. సంచుల్లో ఉన్న కాగితాలన్నీ ఎగిరాయి, డప్పులు మోగాయి. తీరా చూస్తే వచ్చినవాడు పార్సిలు ఇచ్చిపోయే మనిషి. అసలు హీరో వెనక గదిలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఆయన కనిపించేసరికి చల్లడానికి కాగితం ముక్క లేదు, కర్పూరం ఆరిపోయింది.

"నా ఈల పార్సిలోడికి ఎలిపోనాది బావా," అని మా ఇంటికొచ్చి ఏడ్చాడు పైడిరాజు. పెద్దవాడు, ఇద్దరు పిల్లల తండ్రి.

"ఊరుకోరా తమ్ముడా," అంది నా భార్య దమయంతి. "ఐదో భాగం వొస్తాది కదా. అప్పుడు సరిగ్గా ఎయ్యి."

"ఎప్పుడొస్తాది అక్కా?" అన్నాడతను కళ్ళు తుడుచుకుంటూ. అప్పట్లో ఆ మాట ఎవరైనా అడగొచ్చు. ఇంకా నేరం కాలేదు.

కుర్చీలు చిరగడం ఆ తరవాతి సంగతి. అది రాష్ట్రమంతా జరిగింది. జనం ఊరేగింపులు తీశారు, కటౌట్ల చేతుల్లో బలవంతంగా గొడ్డళ్ళు కట్టారు, ఒకచోట ఎవరో గవర్రాజుకి పెద్దకర్మ కూడా చేశారు. ప్రభుత్వం ఈ విషయాన్ని తీవ్రంగా పరిగణనలోకి తీసుకుంది. తీసుకుని, ప్రేక్షక అంచనాల క్రమబద్ధీకరణ మండలిని ఏర్పాటు చేసింది. దానికి చైర్మన్ విశ్వపతిగారు. పదవీ విరమణ చేసిన ప్రతిసారీ ఆయనకి ఏదో ఒక పదవి దొరుకుతుంది.

మాకు శిక్షణ ఇచ్చినరోజు ఆయన నల్లబల్ల మీద ఒక తీసివేత వేసి చూపించారు.

"నిరాశ అనగా ఏమి? అంచనాలోనుంచి సినిమాను తీసివేయగా మిగులునది. సినిమాను మెరుగుపరచుట మన పరిధిలోనిది కాదు. హీరోగారిని నొప్పించుట ప్రభుత్వ విధానము కాదు. కావున మనకు మిగిలినది అంచనా. దానిని దశలవారీగా తగ్గించుకొనిపోయినచో, నిరాశ దానంతట అదే నశించును."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. లెక్క ప్రకారం అందులో తప్పేం లేదు మరి.

అంచనాని కొలవడం ఎలాగన్నది తరవాతి సమస్య. నిపుణుల సంఘం నాలుగు దేశాలు తిరిగొచ్చి, మనిషిలోని ఆశ ఈల రూపంలో బయటపడుతుందని తేల్చింది. ఈల ఎంత పెద్దదైతే ఆశ అంత పెద్దది. కొలిచే యంత్రాలకి టెండరు పిలిచారు, అది కోర్టుకెళ్ళింది. ఈలోగా చైర్మన్‌గారింట్లో సమావేశం జరుగుతుండగా వంటింట్లో కుక్కరు కూసిందట. ఆయన వెంటనే చెయ్యెత్తి అందరినీ ఆపారట. మర్నాటికి ఉత్తర్వు వచ్చింది. యంత్రాలు వచ్చేదాకా తాత్కాలికంగా ఒక కుక్కరు ఈలనే గరిష్ఠంగా అనుమతించదగిన అంచనాగా నిర్ణయించడమైనది. అంతకి మించి ఈల వేసినవాడు సినిమా హాల్లో ప్రవేశానికి అనర్హుడు. పైగా "ఎప్పుడు?" అని అడగడం అధిక అంచనాకి లక్షణం కాబట్టి, అలా అడిగినవాళ్ళ మీద కేసు.

అలా మా ఆఫీసులోకి గ్యాసు పొయ్యి, మూడు లీటర్ల కుక్కరు వచ్చాయి. ఉత్తి నీళ్ళు మరిగిస్తే ప్రభుత్వ గ్యాసు వృథా అని ఆడిట్‌వాళ్ళు అభ్యంతరం పెట్టారు. అందుకని కందిపప్పు మంజూరయింది. వచ్చినవాడు వరసలో నిలబడాలి. కుక్కరు కూసే క్షణానికి వాడూ ఈల వెయ్యాలి. వాడి ఈల కుక్కరులో కలిసిపోతే పాసు, పైకి వినిపిస్తే ఫెయిలు. మధ్యాహ్నానికి పప్పు మెత్తగా ఉడికేది. మా అటెండరు సూర్యకాంతం ఎండుమిరపకాయ వేసి పోపు పెట్టేది. నిజం చెప్పొద్దూ, మత్స్యశాఖలో కూడా అంత బాగా భోంచెయ్యలేదు నేను.

ఇబ్బందల్లా నీళ్ళకే. గెడ్డవలసలో కుళాయిలున్నాయి గానీ వాటిల్లో నీళ్ళు లేవు. మంచినీళ్ళ పథకానికి నాలుగు ప్రభుత్వాలు నాలుగుసార్లు శంకుస్థాపన చేశాయి. నాలుగు రాళ్ళూ బస్టాండు దగ్గర వరసగా ఉన్నాయి, జనం వాటిమీద కూర్చుని బస్సుకోసం చూస్తారు. ఊరు బతికేది ట్యాంకరు మీద. అదొచ్చాక మొదటి రెండు బిందెలూ మా కుక్కరుకి, తరవాతే ఎవరికైనా.

పరీక్షలు జోరుగా సాగాయి. పళ్ళు లేని ముసలాళ్ళు పాసయ్యారు. ఈల రాని తహసీల్దారు పాసయ్యాడు. జన్మలో సినిమాహాలు గడప తొక్కని హరికథల భాగవతారుగారు అందరికంటే ముందు పాసయ్యారు. దమయంతి కూడా వచ్చి వరసలో నిలబడింది. వేళ్ళు నోట్లో పెట్టి "ఫుస్" మంది. అంతే, గాలి. పాసు. అధికారి భార్య కాబట్టి నాకు గర్వంగానే అనిపించింది. పోతూ పోతూ పప్పులో ఉప్పు తక్కువైందని సూర్యకాంతానికి చెప్పింది.

పైడిరాజు ఫెయిలయ్యాడు. అతని ఈలకి కుక్కరు కూసిందో లేదో కూడా ఎవరికీ తెలియలేదు. వెయిటు ఊగడం మాత్రం కనిపించింది.

"కాస్త మెల్లిగా వెయ్యరా," అన్నాను చెవిలో.

"మెల్లిగా ఏస్తే అది ఈల కాదు బావా, ఊపిరి. దొంగ ఈల నాను ఎయ్యలేను."

"అయితే ఐదో భాగం చూడలేవు."

"సూడాల. పార్సిలోడికి ఎలిపోయిన ఈల గవర్రాజుకి బాకీ ఉండిపోనాది. అది తీర్సకపోతే నాకు ముద్ద దిగదు."

చట్టం ముందు బావమరిది అయినా ఒకటే. అతన్ని అంచనా తగ్గింపు శిబిరానికి పంపాను. పాత ధాన్యం గోదాములో పెట్టారు దాన్ని. చికిత్స ఏమిటంటే నాలుగో భాగం మళ్ళీ మళ్ళీ చూపించడమే. హీరోగారి మనుషులు దీనికి గట్టిగా అభ్యంతరం చెప్పారు. చికిత్స అంటే జబ్బున్నట్టు కదా అన్నారు. సరేనని దాని పేరు పునశ్చరణ తరగతి అని మార్చాం.

మొదటిసారి చూసినప్పుడు గోదాములో అందరితోపాటు పైడిరాజూ ఏడ్చాడు. తరవాత ఏడుపు మానేశాడు. వారం తిరిగేసరికి మిగతావాళ్ళంతా ఆవలిస్తుంటే, ఇతను మాత్రం ముందుకొచ్చి కూర్చోవడం మొదలెట్టాడు.

"ఏటోగానీ బావా," అన్నాడు నేను తనిఖీకి వెళ్ళినప్పుడు, "ఆ ఉపన్యాసం ఇచ్చినప్పుడు గవర్రాజు ఎడమ సెయ్యి సూసినావా? గోడకున్న గొడ్డలికాడికి ఎల్తాది, ఎనక్కి వొస్తాది. ఆడికీ ఇట్టం నేదు బావా ఆ మాటలు సెప్పడం. ఐదో భాగంలో తీస్తాడు. తప్పకుండా తీస్తాడు."

కొలిచి చూస్తే అంచనా మూడు కుక్కర్లకి పెరిగింది. భయపడి చైర్మన్‌గారికి ఫోను చేశాను. ఆయన దానికీ దారి చూపించారు.

"సినిమా పనిచేయని కేసులలో వాస్తవమును ప్రయోగించవలెను. మీ ఊరిలో ప్రభుత్వ కార్యక్రమముల వీడియోలు ఏమైనా ఉన్నవా?"

ఉన్నాయి. మంచినీళ్ళ పథకం శంకుస్థాపనలు నాలుగూ ఉన్నాయి, ఉపన్యాసాలతో సహా. అవి వేశాం. ఒకటో శంకుస్థాపన చూసి పైడిరాజు నవ్వాడు. అందులో వాళ్ళమ్మ ఉంది, బిందె పట్టుకుని ముందు వరసలో చప్పట్లు కొడుతోంది. రెండోదాంట్లోనూ ఉంది, జుట్టు కొంచెం నెరిసింది. మూడోదాంట్లో కర్ర పట్టుకుని ఉంది. ప్రతిదాంట్లోనూ వచ్చే ఉగాదికి ఇంటింటికీ నీళ్ళని ఎవరో ఒకరు చెబుతున్నారు. నాలుగోదాంట్లో ఆవిడ లేదు. అప్పటికి పోయింది. ఆవిడ బిందె పట్టుకుని దమయంతి నిలబడి ఉంది.

పైడిరాజు అది అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. అయ్యాక లేచి పరీక్షకి వస్తానన్నాడు. వేళ్ళు నోట్లో పెట్టాడు, ఊదాడు. గాలి వచ్చింది. కావాలని చేశాడేమోనని మళ్ళీ వేయించాను. మళ్ళీ గాలే.

"ఐదో భాగం ఎలా ఉంటుందనుకుంటున్నావు?" అని నిబంధన ప్రకారం అడిగాను.

"ఏటుంటాది బావా. ఏదో ఒకటుంటాది."

పాసు చేశాను. రాష్ట్రంలోనే అతి కష్టమైన కేసుని నయం చేసినందుకు నా ఫొటో పేపర్లో వేశారు. పక్కన పైడిరాజు కూడా ఉన్నాడు. పేపరు తీసుకెళ్ళి దమయంతికి చూపించాను. అది చూసింది, మడిచింది, డబ్బా కింద పరిచింది.

"మా తమ్ముడికి ఈల నేర్పింది ఎవరో తెలుసా మీకు?" అంది. తెలియదన్నాను. "తెలియకపోతే ఊరుకోండి," అని వంటింట్లోకి పోయింది. ఆ తరవాత నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఐదో భాగం వచ్చింది. చైర్మన్‌గారు స్వయంగా ఫలితం చూడ్డానికి శ్రీదేవి టాకీసుకి వచ్చారు. హాలు నిండింది. అందరూ పాసైనవాళ్ళే కాబట్టి అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. నాకు సినిమాలు తెలియవని మొదట్లోనే చెప్పాను. కానీ ఆ సినిమా బాగుంది. నేనే చెబుతున్నానంటే నమ్మండి. మొదటి పావుగంటలోనే ఊరి చెరువు మింగినవాడి జీపు గవర్రాజు ఇంటిముందు ఆగింది. గోడమీది గొడ్డలికి వేసిన పూలదండ తెగి కిందపడింది. ఎడమ చెయ్యి పైకి వెళ్ళింది, పైడిరాజు చెప్పిన చెయ్యే. ఈసారి వెనక్కి రాలేదు. గవర్రాజు వెనక్కి తిరిగాడు.

హాలంతా పైడిరాజు వైపు తిరిగింది.

అతను లేచి నిలబడ్డాడు. వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. గాలి వచ్చింది. మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత ఆ వేళ్ళని చొక్కాకి తుడుచుకుని కూర్చున్నాడు. ఇంకెవరూ ఈల వెయ్యలేదు. డప్పు మోగలేదు. తెరమీద గవర్రాజు గుమ్మాలు నరుకుతున్న చప్పుడు తప్ప హాల్లో ఏమీ లేదు. అంత బాధ ఉద్యోగంలో చేరాక ఎప్పుడూ పడలేదు.

"అద్భుతము, త్రినాథరావుగారూ," అన్నారు చైర్మన్‌గారు నా చెయ్యి నొక్కి. "ఒక్కరైనా నిరాశపడలేదు, గమనించితిరా?"

గమనించాను. సంతోషపడినవాళ్ళు కూడా కనిపించలేదు. కానీ మండలి పరిధిలోకి అది రాదు.

ఈ విజయం ప్రభుత్వానికి కొత్త ఉత్సాహం ఇచ్చింది. ఒక్క సినిమాకే ఎందుకని అన్ని శాఖలకీ విస్తరించారు. ఆస్పత్రిలో డాక్టరు లేడని ఫిర్యాదు వస్తే డాక్టర్ని కాదు, కుక్కర్ని పంపుతున్నారు. రోడ్డు అడిగిన ఊళ్ళకి కందిపప్పు మంజూరవుతోంది. రోడ్డు కంటే పప్పు చవకని ఆర్థికశాఖ కూడా మెచ్చుకుంది. గెడ్డవలస ఆదర్శ పట్టణమైంది. అంచనాలు పూర్తిగా అదుపులో ఉన్న ఊరు ఇదొక్కటే కాబట్టి, మంచినీళ్ళ పథకానికి ఐదో శంకుస్థాపన ఇక్కడ నిర్భయంగా చెయ్యొచ్చని మంత్రివర్యులకి ఎవరో సలహా ఇచ్చారు.

శంకుస్థాపన రోజు పొద్దున్నే బస్టాండు దగ్గర వేదిక కట్టారు. మంత్రిగారి కార్లకి దుమ్ము లేవకూడదని ట్యాంకరు నీళ్ళన్నీ రోడ్డుకి కొట్టేశారు. ఆడవాళ్ళు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని అలాగే వచ్చి నిలబడ్డారు. వచ్చిన ప్రతివాళ్ళకీ మండలి తరఫున "ఆశ తగ్గించుకో, హాయిగా ఉండు" అని అచ్చువేసిన కాగితాలు పంచాం. వేదిక పక్కన నేను పొయ్యి, కుక్కరు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఇది నియమం.

"గెడ్డవలస ప్రజల సంయమనం దేశానికే ఆదర్శం," అన్నారు మంత్రివర్యులు. "వచ్చే ఉగాదికి ఇంటింటికీ నీళ్ళు ఇవ్వాలన్న చిత్తశుద్ధితో ఈ ప్రభుత్వం ఉంది."

జనం చేతులు కట్టుకుని విన్నారు. చైర్మన్‌గారు తృప్తిగా తల ఊపారు. మంత్రిగారు తాడు లాగారు. రాతిమీది గుడ్డ పక్కకి తప్పుకుంది, ఎవరో పట్టుకున్న ఫొటో లైటు ఆయన మొహమ్మీద పడింది, ధూపం పొగ లేచింది.

ఈల వినిపించింది.

ఆడవాళ్ళ వైపునుంచి. నేను కుక్కరు వైపు చూశాను. అది ఇంకా పొయ్యి ఎక్కలేదు. తల ఎత్తి చూస్తే మా దమయంతి, వాళ్ళమ్మ బిందె చంకనే ఉంది, రెండు వేళ్ళు నోట్లో ఉన్నాయి. మా ఆఫీసులో "ఫుస్" మన్నది అదే మనిషి.

"తమ్ముడా," అని కేకేసింది. "ఐదో భాగంరా. సూడు, ఈసారి పార్సిలోడు కాదు, హీరోయే వొచ్చినాడు."

జనంలో వెనకెక్కడో నిలబడ్డ పైడిరాజు వేదిక వైపు చూశాడు. లైటు, పొగ, పైన చెయ్యి ఊపుతున్న మంత్రిగారు. బస్టాండు దగ్గరున్న నాలుగు రాళ్ళ వైపు చూశాడు. మొహం ఒక రకంగా అయింది. నవ్వాడో ఏడ్చాడో చెప్పలేను. వేళ్ళు నోట్లో పెట్టాడు.

రైలు గేటు దగ్గర మేకలు తలలెత్తాయి. ఆ తరవాత ఇంకేం ఆగుతారు. మేం పంచిన కాగితాలన్నీ చింపి ఎగరేశారు. బిందెలు తిరగేసి డప్పుల్లా వాయించారు. పళ్ళు లేని ముసలాళ్ళు ఈలలు వేశారు. మా సూర్యకాంతం వేసింది. మంత్రిగారు జనాదరణకి పొంగిపోయి రెండు చేతులూ జోడించారు, కాగితాలు ఆయన నెత్తిన పడుతూనే ఉన్నాయి. పైడిరాజు చెయ్యెత్తితే అందరూ ఆగారు, హాల్లో హీరో మాటకోసం ఆగినట్టు.

"కత బాగుంది బాబూ," అన్నాడు. "నాలుగు భాగాలూ సూసినాం, ఐదోదీ సూస్తన్నాం. మరి నీలెప్పుడు?"

మంత్రిగారి చేతులు విడిపోయాయి. ఆయన చైర్మన్‌గారి వైపు చూశారు. చైర్మన్‌గారు నా మీదకి వంగారు.

"ఏమిది, త్రినాథరావుగారూ? వీరందరూ ఉత్తీర్ణులు కదా? ఎప్పుడని అడుగుచున్నారు. వెంటనే కొలవండి. ఒక్కొక్కరినీ కొలవండి."

పొయ్యి వెలిగించాను. పప్పు వేశాను. బిందె వంచితే చుక్క రాలేదు.

"నీళ్ళు లేవండి," అన్నాను.

"లేకపోవుట ఏమిటి? ట్యాంకరు ఏమైనది?"

"రోడ్డుకి కొట్టేశారండి."

అడుగున పప్పు మాడుతోంది. చైర్మన్‌గారు చెమట తుడుచుకున్నారు, ఎదురుగా ఉన్న అంత జనాన్నీ చూశారు, నీళ్ళు లేని కుక్కర్లోకి చూశారు. ఊరంతా వినేలా అడిగారు.

"మరి నీళ్ళు ఎప్పుడు వస్తాయయ్యా?"

అలా అడగడం ఆయన సంతకం చేసిన ఉత్తర్వు ప్రకారమే నేరం. ఆ సంగతి ఆయనకి ఎలా చెప్పాలో తెలియక పొయ్యి ఆపేశాను.